నాలుగు కిలోల మూడు వందల గ్రాముల పిల్లి

పిల్లిని ఎక్కడ వదిలినా తన చోటు వెతుక్కుంటూ తిరిగి వస్తుందని లోకం నమ్ముతుంది. వచ్చినవాటి గురించి పదిమందీ చెప్పుకుంటారు. రానివాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాబట్టి ఈ నమ్మకానికి ఉన్న ఆధారం సగమేనని, తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన ఆయన అభిప్రాయం.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన అక్కయ్య, మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరబోతూ, తన పిల్లిని శాలువాలో చుట్టి తెచ్చి తమ్ముడికి అప్పగించింది. బావగారు పోయిననాటి నుంచి ఆమెకు ఇంట్లో తోడు అదొక్కటే. "నేనొచ్చేసరికి ఇది కనబడాలిరా. ఇది లేకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టలేను," అంది. తమ్ముడు మాట ఇవ్వలేదు, రశీదు ఇచ్చాడు. బూడిద రంగు, ముందు ఎడమ పాదం తెలుపు, బరువు నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. కింద సంతకం, తేదీ.

సోమవారం ఉదయపు కార్యక్రమం సాదాసీదాది. ఏడింటికి పిల్లికి పాలు, ఏడున్నరకు తనకు పేపరు. ఏడూ అయిదుకు భార్య పొగ పోవడానికి వంటింటి కిటికీ తెరిచింది. పొగతోపాటు పిల్లి కూడా పోయింది.

అదే వస్తుందిలెమ్మని భార్య అంది. అలా వచ్చినవాటిని స్వయంగా ఎన్నింటిని చూశావని ఆయన అడిగాడు. ఆమె గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది. ఆయన రశీదులోని వివరాలను ఎనిమిది కాగితాల మీద ఎత్తిరాసి, వీధి దీపాల స్తంభాలకు అంటించి వచ్చాడు.

పదకొండింటికి ఒక బూడిద రంగు పిల్లి, పక్కింటి దర్జీ గోడ దూకి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ముందు ఎడమ పాదం తెలుపే.

"వచ్చింది చూడండి," అంది భార్య.

ఆయన దాన్ని త్రాసు మీద పెట్టాడు. మూడు కిలోల తొమ్మిది వందలు.

"ఇది అది కాదు. ఒక్క పూటలో నాలుగు వందల గ్రాములు తగ్గే పిల్లి ఉండదు."

"దాని మొహం చూడండి ఒకసారి."

"మొహానికి కొలమానం లేదు."

దాన్ని గేటు బయట వదిలాడు. అది కిటికీలోంచి వచ్చింది. మళ్ళీ తూచి, అదే బరువు రావడంతో తన నిర్ణయం రుజువైందని మళ్ళీ వదిలాడు. మూడోసారి వచ్చినప్పుడు కిటికీ మూయించాడు. పిల్లి కాసేపు గోడ మీద కూర్చుని, దర్జీ వైపు దిగిపోయింది.

మంగళవారం ప్రకటన చూసి ఎవరెవరో నాలుగు పిల్లులను తెచ్చారు. ఏదీ తూకానికి నిలవలేదు. బుధవారం ఉదయం వచ్చిన అయిదోదానికి రంగు సరిపోయింది, పాదం సరిపోయింది, ముల్లు నాలుగు కిలోల మూడు వందల దగ్గర కచ్చితంగా ఆగింది.

"ఇది మగదండీ," అంది భార్య.

"రశీదులో ఆ వివరం లేదు."

"వదినగారిది ఆడపిల్లి కదా."

"అది మనం అనుకున్నది. నమోదైనది కాదు."

మధ్యాహ్నానికి అది రెండు కర్టెన్లు చీల్చి, పడకకుర్చీని తడిపింది. స్థలం మారితే స్వభావం మారడం సహజమని ఆయన దాన్ని సమర్థించాడు. మూడింటికి వీధిలో వెళుతున్న మందుల షాపాయన కిటికీలో తన పిల్లిని గుర్తుపట్టి లోపలికి వచ్చాడు. దాని బరువుకు లిఖితపూర్వకమైన ఆధారం చూపమని ఇన్‌స్పెక్టరు కోరాడు. మందుల షాపాయన వెళ్ళి కానిస్టేబుల్‌ను తెచ్చాడు. కానిస్టేబుల్ రశీదును రెండుసార్లు చదివి, కాగితం ఉన్నవాళ్ళదే పిల్లి అని తేల్చాడు. మందుల షాపాయన వరండాలో బైఠాయించాడు. గేటు దగ్గర పదిహేనుమంది చేరారు.

ఆ పదిహేనుమందినీ తప్పించుకుంటూ ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఆసుపత్రివాళ్ళు అక్కయ్యను ఒకరోజు ముందే పంపేశారు. ఆమె వాకర్ ఊతంతో వరండా ఎక్కి చెయ్యి చాచింది. పిల్లి బుస్సుమంది.

"ఇదెవరిదిరా?"

"నీదే అక్కయ్యా. నాలుగు కిలోల మూడు వందలు. ఒక్క గ్రాము తేడా లేదు."

అక్కయ్య త్రాసు వైపు, తమ్ముడి వైపు చూసింది. "గీరుతుందని భయపడి దాన్ని శాలువాలోంచి తియ్యనే లేదు కదరా. శాలువాతోనే తూచావు."

డబ్బాతో కలిపి మిఠాయి తూచిన దుకాణదారుల మీద ఆయన తన సర్వీసులో రెండు వందల పద్నాలుగు కేసులు రాశాడు. ఇప్పుడు అక్కయ్య భుజం మీది శాలువా తీసుకుని త్రాసు మీద పెట్టాడు. నాలుగు వందల గ్రాములు.

"మరి నాదేదిరా?" అంది అక్కయ్య.

"వచ్చింది," అన్నాడు ఆయన. "మూడుసార్లు వచ్చింది. నేనే గెంటేశాను."

గోడ అవతలి నుంచి దర్జీ తల కనిపించింది. "మా కుట్టుమిషన్ కింద పడుకునుందమ్మా. సారు వద్దంటున్నారు కదా, ఎక్కడికి పోతుంది పాపం అని మేమే పాలు పోస్తున్నాం."

మందుల షాపాయన తన పిల్లిని, అక్కయ్య తన పిల్లిని తీసుకుని వెళ్ళారు. స్తంభాల మీది కాగితాలను ఆయన ఆ సాయంత్రమే పీకేశాడు.

రెండు నెలలకు అక్కయ్య రెండో మోకాలి ఆపరేషన్‌కు వెళ్ళింది. తమ్ముణ్ణి అడగకుండా పిల్లిని దర్జీకి అప్పగించింది. మర్నాడు పొద్దున్నే అది గోడ దూకి, ఇన్‌స్పెక్టరు వంటింటి గడప మీద కూర్చుంది. ఆయన తలుపు తీశాడు.