ముప్పై ఒక్కమంది రచయితలు

ఉద్యోగంలో చివరి రోజు ఎలా గడవాలో పెట్టుబడి సారు ముందురోజే ఒక కాగితం మీద రాసుకున్నారు. పదింటికి కాలేజీ. పదకొండింటికి వ్యాసం పత్రికకు పంపడం. నాలుగున్నరకు వీడ్కోలు సభ. ఆరింటికి ఇల్లు. మధ్యలో ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే అందుకు విడిగా పదిహేను నిమిషాలు వదిలారు. ముప్పై అయిదేళ్లు అర్థశాస్త్రం చెప్పినాయనకు ఆ మాత్రం ముందుచూపు ఉండదూ!

"ఆ వ్యాసం మీద మీ పేరొక్కటే ఉంటుందా?" అంది భార్య, చొక్కా అందిస్తూ.

"రాసింది నేనొక్కణ్ణేగా."

"అవునవును. స్కూటరు నడిపిందీ మీరే, వెనక కూర్చుందీ మీరే."

సారు చొక్కా బొత్తాలు ఒక కన్నం తప్పించి పెట్టుకుని, మళ్లీ మొదట్నుంచి విప్పుకున్నారు.

ఆ స్కూటరు కథ కాలేజీలో గోడలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్ల కింద పెట్టుబడి సారుకు, వృక్షశాస్త్రం చెప్పే చెట్ల సారుకు ఒకే కంచం ఒకే మంచం అన్నంత స్నేహం. చుట్టూ చెట్లు పెంచుతామని మాట ఇచ్చిన పన్నెండు ఫ్యాక్టరీలను ఎంచుకున్నారు. చెట్టును కాపాడే కంపెనీలో పెట్టిన పెట్టుబడి కూడా చెట్టులాగే నిలబడి పెరుగుతుందా అన్నది ప్రశ్న. ఇద్దరూ ఒకే స్కూటరు మీద తిరుగుతూ, ఒకాయన వాటాల ధరలు రాసేవారు, ఇంకొకాయన చెట్ల చుట్టుకొలత టేపుతో తీసేవారు. నాలుగో ఏడు మొదటి వ్యాసం రాయబోతే ఎవరి పేరు ముందుండాలన్న మాట వచ్చింది. "కంపెనీ లేకపోతే నీకు చెట్టెక్కడిది?" అని ఒకరు, "చెట్టు లేకపోతే నీకు ప్రశ్నెక్కడిది?" అని ఒకరు. చెట్ల సారు టేపు చుట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయారు. అంతే. ఇరవై ఆరేళ్లుగా ఒకరు మెట్లెక్కితే ఇంకొకరు లిఫ్టు ఎక్కుతున్నారు. చెట్ల సారు రెండేళ్ల కింద రిటైరయ్యాక లిఫ్టుకు కాస్త విశ్రాంతి దొరికింది.

తర్వాత పెట్టుబడి సారు ఒంటరిగానే పని సాగించారు. చెట్ల లెక్క కోసం కంపెనీలు ఏటా అచ్చువేసే నివేదికలు ఉండనే ఉన్నాయి. ఇన్నాళ్లకు వ్యాసం పూర్తయింది. పత్రిక గడువు ఆ రోజుతో సరి, సాయంత్రం అయిదయితే సారు కాలేజీ మెయిలు కూడా మూతపడుతుంది. జీవితం మొత్తానికి ఇదే పెద్ద వ్యాసం. ఇది పోతే చేతిలో మిగిలేది వీడ్కోలు సభ ఫోటో ఒక్కటే. చెట్ల సారు పేరు చివరి పేజీలో, ధన్యవాదాల్లో పెడదామనుకున్నారు. అది చాలదని మనసుకు తెలుసు. మనసును అడిగి చేసే పనైతే ఇరవై ఆరేళ్లు ఎందుకు పడుతుంది?

ధన్యవాదాలకు ఆ విభాగంలో ఒక ఆచారం ఉంది. క్యాంటీన్ బల్ల మీద దారం కట్టిన నల్లట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. టీ తాగుతూ ఎవరు పనికొచ్చే మాట చెప్పినా, వంటవాడు కానీ వైస్ ఛాన్సలర్ కానీ, అందులో ఆ మాట, తేదీ, పేరు రాయాలి. వ్యాసం అచ్చయినప్పుడు ఆ పేర్లన్నిటికీ థ్యాంక్స్ చెప్పాలి. ఈ నియమం పెట్టింది కూడా ఆ స్నేహితులిద్దరే.

ఆ ఉదయం సారు దారం విప్పి, పుస్తకం తెచ్చి టైపు మేడమ్ బల్ల మీద పెట్టారు. టైపు మేడమ్‌కు ఆఫీసులో ఇరవై రెండేళ్ల సర్వీసు. చుక్క తప్పు పోనివ్వదు. ఖాళీ గడి కనిపిస్తే నింపేదాకా నిద్రపట్టదు.

"మేడమ్, వ్యాసం పంపేయండి. ఈ పుస్తకంలో ఉన్నవాళ్లందరి పేర్లూ పెట్టండి. ఒక్కర్నీ వదలొద్దు" అన్నారు సారు. "ఎక్కడ పెట్టాలి సార్?" అని ఆమె అడిగేలోపే డైరెక్టరుగారు పిలుస్తున్నారని కబురొస్తే వెళ్లిపోయారు.

పత్రికవాళ్ల ఫారంలో పేరు, మెయిలు, ఫోను నంబరు అడిగే గడులు ఒకే ఒక్కచోట ఉన్నాయి. పైన 'రచయితలు' అని ఉంది. కింద 'మరొకరిని చేర్చండి' అని ఒక మీట. టైపు మేడమ్ దాన్ని నొక్కింది. నొక్కుతూనే ఉంది.

పదకొండున్నరకు భార్య నుంచి ఫోను వచ్చింది. "ఏమండీ, నన్ను రచయిత్రిని చేశారా! ఒక్కమాట చెప్పొద్దూ! అక్కయ్యకు చెప్పాను, ఏడుస్తోంది పాపం, సంతోషంతో."

"నువ్వు రచయిత్రివేంటే?"

"మెయిలొచ్చింది. ఈ వ్యాసంలో మీరు చేసిన పని రాసి, ఒప్పుకుంటున్నట్టు నొక్కండి అన్నారు. 'ముప్పై ఏళ్లు విన్నాను' అని రాసి నొక్కేశా. అన్నట్టు నా పేరు తొమ్మిదోది ఎందుకుంది?"

సారు టైపు మేడమ్ బల్ల దగ్గరికి ఇంచుమించు పరుగెత్తారు. తెర మీద ముప్పై ఒక్క పేర్లు బారులు తీరి ఉన్నాయి. పుస్తకంలో ఏ వరసలో ఉన్నాయో అదే వరస. మొదటి పేరు చెట్ల సారుది. సొంత వ్యాసంలో తన పేరు రెండోది.

"ఇదేంటమ్మా! వీళ్లంతా రచయితలా?"

"ఆలోచన ఇచ్చినవాళ్లు కాకపోతే మరెవరు సార్?" అంది ఆమె అమాయకంగా. "మీరేగా ఒక్కర్నీ వదలొద్దన్నారు."

"తీసెయ్యండి!"

"ఇక నా చేతుల్లో లేదు సార్. ఎవరికి వాళ్లే 'ఒప్పుకోను' అని నొక్కి తప్పుకోవాలట. పంపిన మీరు తప్పుకున్నా, అయిదింటిలోగా జవాబు రానివాళ్లు ఒక్కరున్నా వ్యాసం వెనక్కొచ్చేస్తుంది."

సారు పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరారు. ముందు క్యాంటీన్ బాబాయి. ఆయన అప్పటికే కౌంటరు మూసి, కళ్లజోడు తుడుచుకుని, ఫోను కళ్లకు దూరంగా పెట్టి చదువుకుంటున్నాడు.

"బాబాయ్, నువ్వు తప్పుకోవాలి."

"ఎందుకు తప్పుకుంటా? చెట్టు కొట్టేవాడు నీడ అమ్ముకున్నట్టే అని చెప్పింది నేనే కదా. తేదీతో సహా ఉంది, చూడండి!" ఉంది మరి. పేజీ మీద టీ మరక కూడా ఉంది. "పైగా నొక్కేశాను. ఇవాళ అందరికీ టీ నా తరఫున."

లైబ్రరీలో పనిచేసి వెళ్లిపోయినావిడ ఫోనులో "నాయనా, ఈ వయసులో నన్ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు!" అని మళ్లీ మళ్లీ థ్యాంక్స్ చెప్పింది. ఆవిడను తప్పుకోమని అడగడానికి సారుకు నోరు రాలేదు. కాలేజీ బస్సు డ్రైవరు తన పేరు రెండుసార్లు ఎందుకు లేదని నిలదీశాడు, పుస్తకంలో రెండు మాటలు రాశాడట. బావమరిది ఫోను చేసి, తొలిసారి స్కూటరుకు పెట్రోలు పోయించింది తనేనని గుర్తుచేశాడు. అతని పేరు పుస్తకంలోనే లేదు. కందకు లేని దురద కత్తిపీటకు!

ఇంతలో కబురు డైరెక్టరుగారి చెవిన పడింది. "బ్రహ్మాండం సార్! ముప్పై ఒక్కమంది, పదకొండు రంగాలు! మన కాలేజీ చరిత్రలో ఇంత పెద్ద పరిశోధన లేదు. బ్యానరు అచ్చుకు ఇచ్చేశాను. ఒక్కరు తప్పుకున్నా ఊరుకునేది లేదు" అని భుజం తట్టారు. ఆయన పేరు కూడా జాబితాలో ఉంది. ఒకసారి టీలో చక్కెర ఎక్కువైందని పుస్తకంలో రాశారు.

మూడున్నరకు సారు ఓపిక అయిపోయింది. క్యాంటీన్ మూల బల్ల దగ్గర కూలబడి పుస్తకం మొదటి పేజీ తెరిచారు. చెట్ల సారు కోడిగీతల్లాంటి రాత. 'వేప కంటే కానుగ త్వరగా పెరుగుతోంది, వీడి షేర్లు రెండింటికంటే నెమ్మది.' కింద తన జవాబు. దాని కింద మళ్లీ అతనిది. ఎండలో స్కూటరు ఆగిపోయి అయిదు మైళ్లు తోసుకొచ్చిన రోజు, టేపు బావిలో పడితే లుంగీ మీద చుట్టుకొలత తీసిన రోజు, అన్నీ అక్కడే ఉన్నాయి. నాలుగో ఏటి తర్వాత ఆ కోడిగీతలు లేవు. ఎంత బాగుండేదో ఆ కాలం, చేజేతులా పాడుచేసుకున్నాం అనుకున్నారు సారు, కళ్లజోడు తీసి.

టైపు మేడమ్ ఆయాసపడుతూ వచ్చింది. "సార్, ఇరవై తొమ్మిదిమంది ఒప్పుకున్నారు. మీరు ఇంకా నొక్కలేదు. చెట్ల సారుగారు..."

"నొక్కడు. వాడు చచ్చినా నొక్కడు."

"నొక్కాను లేరా" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

చెట్ల సారు నిలబడి ఉన్నారు. చేతిలో బరువైన గుడ్డసంచి. జుట్టంతా తెల్లబడింది కానీ కోపం మాత్రం నల్లగానే ఉంది. "నా పేరు ముందు పెట్టావని చూడగానే నొక్కేశా. నొక్కాక వ్యాసం చదివా. చదివాక చెప్పులేసుకుని వచ్చా."

సారుకు ఒక్క క్షణం ఆశ కలిగింది. ఊరుకుంటే చాలు, ఇరవై ఆరేళ్ల తగవు తీరిపోతుంది. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధమాడలేకపోయారు.

"అది నేను పెట్టలేదురా. పొరపాటున పడింది. నిన్ను ధన్యవాదాల్లో పెట్టాను. చివరి పేజీలో."

చెట్ల సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అనుకున్నాలే. నీకంత మంచిబుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? సరే, ఇది చూడు." సంచిలోంచి ఒక్కొక్కటిగా నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. ముప్పై. ఏడాదికొకటి. "నీ ఏడో ఫ్యాక్టరీలో చెట్లు పదకొండేళ్ల కిందే కొట్టేశారు. ప్రహరీగోడ మీద చెట్ల బొమ్మలు వేయించారు. నీ వ్యాసంలో ఆ చెట్లు ఇంకా లావెక్కుతున్నాయి."

పెట్టుబడి సారు చెమట తుడుచుకున్నారు. వ్యాసంలో అన్నిటికంటే గొప్ప ఉదాహరణ ఆ ఏడో ఫ్యాక్టరీయే. "నువ్వు... అన్నేళ్లూ కొలిచావా?"

"కొలవక?"

"నాతో మాట్లాడటమే మానేశావుగా!"

"కోపం నీమీద. చెట్లేం చేశాయిరా?"

సారుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పదిహేను నిమిషాలు చాలలేదు. గడియారం నాలుగూ నలభై చూపిస్తుండగా లేచి టైపు మేడమ్ బల్ల దగ్గరికి వెళ్లి, తన పేరు ఎదురుగా 'ఒప్పుకోను' అన్న గడి మీద నొక్కారు. మిగిలిన ముప్పైమందిలో ఒక్కరూ తప్పుకోని వ్యాసం, రాసినాయన తప్పుకోవడంతో వెనక్కి వచ్చేసింది. జీవితంలో పెద్ద వ్యాసం చివరి రోజున పోయినా ఆయన ఒళ్లు తేలికపడింది. సభలో డైరెక్టరుగారు బ్యానరు ముందు నిలబడి ముప్పై ఒక్కమందినీ పొగిడారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చప్పట్లు మాత్రం గట్టిగా మోగాయి.

మర్నాటి నుంచి స్నేహితులిద్దరూ క్యాంటీన్ మూల బల్ల దగ్గర కూర్చుని కొత్తగా రాయడం మొదలుపెట్టారు. మూడు నెలల్లో కొలతలన్నీ సరిచూశారు, ఏడో ఫ్యాక్టరీని నిలువునా ఎండగట్టారు. చివరి పేజీ అయ్యాక మొదటి పేజీకి వచ్చారు.

"నీ పేరే ముందు. కొలిచింది నువ్వు."

"పోరా. రాసింది నువ్వు. నీదే ముందు."

"నాకంటే రెండేళ్లు పెద్దవాడివి, ముందు నువ్వే ఉండాలి!"

"పెద్దవాణ్ణి చెప్తున్నా, నువ్వే ముందుండు!"

చెట్ల సారు టేపు చుట్టి జేబులో వేసుకున్నారు. పెట్టుబడి సారు కలం మూత బిగించారు. క్యాంటీన్ బాబాయి రెండు టీలు మధ్యలో పెట్టి, అంత కష్టంగా ఉంటే తన పేరు ముందు వేసుకోమన్నాడు. ఇద్దరూ వినిపించుకోలేదు.

వ్యాసం ఇంకా అచ్చు కాలేదు, ఎవరి పేరు వెనక ఉండాలన్నది తేలలేదు.