నాలుగో బేరింగు పై సగం

నరోత్తం రెడ్డి గారి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఇంజన్లో పదకొండేళ్లుగా నాలుగో బేరింగు పై సగంగా పనిచేస్తున్న లింబాద్రిని, అతనిలో ఏ లోపమూ లేదు కనుక, వచ్చే నెలలో మార్చేస్తున్నామని గ్యారేజీవాళ్లు చెప్పారు. లోపం వచ్చినవాణ్ని తీసేయడం ఎవరైనా చేస్తారట. లోపం రాకముందే తీసేయడం బాధ్యత తెలిసినవాళ్లు చేసే పనట. ఆ మాట చెప్పిన సూపర్‌వైజరు లింబాద్రికి టీ కూడా ఇప్పించాడు.

కార్ల సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇంజన్ అడుగున ఒక ఇరుసు తిరుగుతూ ఉంటుంది. ఆ ఇరుసుకూ, దాన్ని తిప్పే కడ్డీకీ మధ్య రెండు సగాలుగా పట్టుకుని ఉండేదే బేరింగు. ఇదివరకు దాన్ని లోహపు రేకుతో చేసేవారు. విదేశాల నుంచి ఆ రేకు రావడం ఆలస్యమైనప్పుడు మనుషుల్ని పెట్టడం మొదలైంది. మనుషులైతే ఇక్కడే దొరుకుతారు, దిగుమతి సుంకం ఉండదు, తుప్పు పట్టినా బయటికి కనిపించదు. ప్రభుత్వం కూడా ఆలోచించి, బేరింగులందరికీ గుర్తింపు కార్డులిచ్చి, ఏటా కంటి పరీక్ష తప్పనిసరి చేసింది. ఇంజన్లో కటిక చీకటి కదా, కంటి పరీక్ష ఎందుకని ఎవరూ అడగలేదు.

లింబాద్రిది నిజామాబాద్ వైపు ఊరు. పై సగం అతనిది, కింది సగం మోయిజ్ భాయ్‌ది. ఇద్దరూ ఇరుసుకు చెరోవైపు వంగి, చేతులు చాచి, ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని పడుకుంటారు. మంచి బేరింగు ఇరుసును ముట్టుకోదు. మధ్యలో పలచటి ఆయిలు పొర ఉంటుంది, దాని మీదే బండి నడుస్తుంది. ముట్టుకోకుండా మోయడమే ఆ పనిలో ఉన్న నేర్పంతా. యజమాని పొద్దున్నే ఆయిలు వేడెక్కకముందే, ఎదురింటివాళ్లకు వినపడాలని ఆక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రం ఆ పొర ఉండదు. అప్పుడు ఇరుసు వచ్చి నేరుగా పొట్టకు తగులుతుంది. మొదటి యజమాని కాంట్రాక్టరు తొక్కాడు, అతని దగ్గర కొన్న పళ్ల డాక్టరు తొక్కాడు, ఇప్పుడు మూడో యజమాని నరోత్తం రెడ్డి గారు తొక్కుతున్నారు. లింబాద్రి పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడే తప్ప చప్పుడు చేయలేదు. బేరింగు చప్పుడు చేసిందంటే దాని పని అయిపోయినట్టే లెక్క.

బండి షెడ్డులో పెట్టాక ఆయిలు పోసే మూత గుండా బయటికొచ్చి, నాచారంలో తన రెండు గదుల ఇంటికి వెళ్లేవాడు. ఇన్నేళ్లలో అతని నడుము సరిగ్గా ఆ ఇరుసు కొలతకే వంగిపోయింది. ఇప్పుడతను వేరే ఏ ఇంజన్లోనూ పట్టడు, బస్సు సీట్లో కూడా పట్టడు. భార్య రాజమణి నవారు మంచం వదులు చేసి, అందులో అతన్ని ఒరిగించేది. కూతురు అఖిల పాలిటెక్నిక్ ఆఖరి ఏడు చదువుతోంది. ఆమెకు ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరికేదాకా తన చోటు తనకు ఉంటే చాలని లింబాద్రి కోరిక. అంతకుమించి అతను దేవుణ్ని కూడా ఏమీ అడగలేదు.

నరోత్తం రెడ్డి గారు చెడ్డవాడేం కాదు, భయస్థుడు. పాత స్పోర్ట్స్ కార్లు కొన్నవాళ్లంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఆయనా ఉన్నాడు. ఆ గ్రూపులో పొద్దున లేస్తే భయమే ఫలహారం. ఎవరి బావమరిది స్నేహితుడి కారుకో బెంగళూరు దారిలో ఇంజన్ బిగుసుకుపోయి పట్టేసిందని ఒకరు పెడితే, దండాలు పెట్టే బొమ్మలు వంద వచ్చేవి. ఆ కారును చూసినవాడు లేడు. ఆ బావమరిదిని చూసినవాడూ లేడు. అయినా "బేరింగులు మార్పించారా?" అన్న ప్రశ్న పెళ్లిళ్లలో కూడా యోగక్షేమాల తర్వాత రెండోదిగా వినపడేది. నరోత్తం రెడ్డి గారు ఆయిలు తీసి పరీక్షకు పంపారు. అందులో లోహపు రజను గానీ, చెమట గానీ, రక్తం గానీ లేవని ల్యాబువాళ్లు రాశారు. ఆ కాగితం గ్రూపులో పెడితే, ఏమీ లేదంటేనే అనుమానించాలి అని పెద్దలు తేల్చారు. ఆయనకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

"నీకేమైందట?" అని అడిగింది రాజమణి, విషయం విని.

"ఏం కాలే. గందుకే తీస్తున్నరట."

"ఏమన్న అయితే ఉంచుతుండెనా మరి?"

"అప్పుడు కూడా తీస్తుండె."

రాజమణికి ఒళ్లు మండింది. "నీ పని నువ్వు మంచిగ చేస్తున్నవని కొలిచి సూపియ్యరాదు? నోట్లె నాలిక లేనోని లెక్క ఇంటికొస్తవేంది?" అంది. ఆ కొలత అన్న మాట లింబాద్రికి బాగా నచ్చింది. పాపం అతనికి కొలతంటే నమ్మకం. మనిషి మొహం చూసి అబద్ధం ఆడవచ్చు గానీ మైక్రోమీటరు పెట్టి ఎవరు అబద్ధం ఆడతారని అతని ధీమా.

మర్నాడు ఇరుసు కింద నుంచి మోయిజ్ భాయ్ గట్టిగానే చెప్పాడు. "వద్దు లింబాద్రీ. ఊకుండు. ఇంకో నెల ఉన్నది గద, గా నెలల సేటుకు బుద్ధి మారొచ్చు, బండే అమ్ముకోవచ్చు. నువ్వు పొయ్యి కొలువుమంటివంటే ఇప్పుతరు. ఇప్పినంక మల్ల పెట్టరు భాయ్."

"మంచిగున్నదని తేలినంక ఎందుకు పెట్టరు?"

మోయిజ్ జవాబు చెప్పేలోపు కారు స్టార్టయింది. ఆ రోజు ఆయిలు ఇంకా చల్లగానే ఉంది.

గ్యారేజీ మేనేజరు వంశీధర్ మర్యాదస్తుడు. లింబాద్రిని చూడగానే లేచి, అతను కూర్చోలేడని గుర్తొచ్చి, తనూ నిలబడే మాట్లాడాడు.

"కొలవమంటున్నారు, చాలా సంతోషం. మీలా ముందుకొచ్చేవాళ్లు తక్కువ. కాకపోతే ఒక్క విషయం. కొలవాలంటే ఇంజన్ విప్పి మిమ్మల్ని బయటికి తీయాలి. ఒకసారి విప్పి తీసిన బేరింగును మళ్లీ బిగించకూడదు. అది ప్రపంచంలో ఎక్కడైనా ఉన్న పద్ధతే."

"నేను రోజు బయటికొచ్చి, మల్ల పొద్దుగాల లోపలికి పోతనే ఉన్న గద సార్."

"అది డ్యూటీ దిగడం. ఇది విప్పి తీయడం. రెండూ ఒకటెలా అవుతాయండీ?"

"అయితే సాయంత్రం డ్యూటీ దిగినంక కొలువుండ్రి."

"డ్యూటీలో లేనప్పుడు మీరు బేరింగు కాదు కదా. మామూలు మనిషిని కొలిచి నేనేం రాయను?"

లింబాద్రి లెక్క వేసుకున్నాడు. విప్పకపోతే బాగున్నాడని రుజువు లేదు. రుజువు లేనివాణ్ని వచ్చే నెల మారుస్తారు. విప్పితే రుజువు దొరుకుతుంది గానీ చోటు ఉండదు. అయినా అంత మంచి కొలత వచ్చాక, దాన్ని కళ్లారా చూశాక, ఎంత రాతి గుండెవాడికైనా మనసు కరగకుండా ఉంటుందా అనుకున్నాడు. పదకొండేళ్లు ఇనుము మధ్య బతికినవాడు మనుషుల గురించి అంత తప్పుగా అంచనా వేశాడంటే కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. "ఇప్పుండ్రి సార్" అన్నాడు.

ఆదివారం ముహూర్తం పెట్టారు. గ్రూపులోని యజమానులు తెల్ల చొక్కాలు వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు. కారును పైకి లేపి, అడుగు తొట్టి విప్పి, బోల్టులు వదులు చేసి లింబాద్రిని తీసి, నూనె గుడ్డతో తుడిచి, దీపం కింద బల్ల మీద పడుకోబెట్టారు. తల దగ్గర, నడుము దగ్గర, మడమల దగ్గర కొలిచారు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాలేదు. పెట్టెలో నుంచి ఇప్పుడే తీసినట్టున్నాడని మెకానిక్ గట్టిగా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లింబాద్రి కూడా తల ఎత్తి నవ్వబోయాడు. నరోత్తం రెడ్డి గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చూశావా లింబాద్రీ, ఎంత మంచి టైముకు తీసేశామో! ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో!"

తర్వాత ఎవరో, "ఎలాగూ విప్పాం కదా" అన్నారు. గ్యారేజీల్లో ఈ మాటకు ఎదురు లేదు. ఎలాగూ విప్పారు కాబట్టి కింది సగం మోయిజ్ భాయ్‌ని తీశారు. నాలుగోది తీశారు కాబట్టి మిగతా బేరింగులన్నీ తీశారు. తొట్టి తెరిచే ఉంది కాబట్టి ఆయిలు పంపులో పనిచేసే అన్నదమ్ములిద్దరినీ, గొలుసు పట్టుకునే సాయమ్మనూ తీశారు. వాళ్లందరికీ ఇంకో నెల బతుకు ఉండేది. సాయంత్రానికి అందరూ స్టీలు పళ్లేల్లో వరసగా ఒరిగి ఉంటే, లింబాద్రి ఎవరి మొహమూ చూడలేకపోయాడు. మోయిజ్ భాయ్ గుడ్డతో వేళ్ల సందుల్లోని ఆయిలు తుడుచుకుంటున్నాడు. తిట్టి ఉంటే బాగుండునని లింబాద్రికి అనిపించింది. పదకొండేళ్లలో మొదటిసారి ఇద్దరి మధ్యా ఇరుసు లేదు, అయినా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

అంత మంచి స్థితిలో ఉన్న బేరింగును పారేయడం అన్యాయమని గ్యారేజీ గుర్తించింది. లింబాద్రిని ముందు గదిలో గాజు బల్ల మీద పడుకోబెట్టారు. కొత్తగా పాత కారు కొన్నవాళ్లు వచ్చి అతని నడుము తడిమి, ఇంత బాగున్నా తీసేశారంటే వీళ్లకు ఎంత శ్రద్ధో అని మెచ్చుకుని, తమ కార్లలోవాళ్లనీ తీయమని అక్కడే చెప్పి వెళ్లేవారు. "నన్ను తియ్యకుంటే ఇంకో పదేండ్లు నడుస్తుంటి" అని అతను ఒకరిద్దరికి చెప్పి చూశాడు. అదీ గ్యారేజీ గొప్పతనం కిందే జమ అయింది.

అతని చోట బిగించిన కొత్త యువకుడు మూడో రోజే చప్పుడు చేశాడు. నరోత్తం రెడ్డి గారు కొత్త బేరింగులు వేయించిన ఆనందంలో చల్లటి ఇంజన్ని ఎదురింటివాళ్ల కోసం మామూలుకన్నా ఎక్కువే తొక్కారు. ఇంజన్ పట్టేసింది. ఆ యువకుడి చేతి వేళ్లు రెండు పోయాయి. విచారణ చేసిన కార్ల యజమానుల సంఘంవాళ్లు వేళ్ల గురించి రాయడానికి చోటు లేదన్నారు. తప్పంతా పాతవాణ్ని ఆలస్యంగా మార్చడంలో ఉందని తేల్చారు. పదకొండేళ్లు ఒకడే ఉండేసరికి ఇరుసుకు వాడి అలవాటు పడింది, కొత్తవాణ్ని ఒప్పుకోలేదు. కాబట్టి అలవాటు పడేలోపే మార్చాలి. మొదట ఏడాదికోసారి మార్చమన్నారు. ఏడాది కూడా అలవాటే కదా అని నెలకు దించారు, నెల నుంచి వారానికి దించారు. చివరికి, బిగించకముందే మార్చేసిన బేరింగు వల్ల ఇంతవరకు ఒక్క ఇంజనూ పాడైన దాఖలా లేదని లెక్కలతో నిరూపించి, అదే పద్ధతిగా పెట్టారు. అప్పటి నుంచి ఆ కార్లను స్టార్టు చేయడం మానేశారు. ఆదివారాలు లారీల మీద ఎక్కించి ఊరు తిప్పుతున్నారు. యజమానులు హాయిగా నిద్రపోతున్నారు.

ఆ ఏడు అఖిల మంచి మార్కులతో పాసైంది. గ్యారేజీలోనే బేరింగు పోస్టు పడిందని తెలిసి వెళ్లింది. కొలిచి చూస్తే ఆమె అందరికన్నా ముందు నిలిచింది. పది గంటలకు చేర్చుకున్నారు. వంశీధర్ స్వయంగా పూలగుత్తి ఇచ్చి, పదిన్నరకు తీసేసి, పనిలో ఎలాంటి లోపమూ లేదని సర్టిఫికెట్ ఇచ్చాడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె ఇంటికి వచ్చేసింది.

రాజమణి గుమ్మంలో నిలబడి ఏడవాలో నవ్వాలో తెలియక కూతురి మొహంకేసి చూసింది. అఖిల చెప్పులు విడుస్తూ, "మంచిగనే మాట్లాడిన్రమ్మా. ఏమంటలేరు ఎవ్వలు" అంది.

ఆ పూట గాజు బల్లకు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న లింబాద్రి ఆమెను దగ్గరికి రమ్మని, వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. వీపు నిటారుగా ఉంది. గట్టిగా అరవాలని, ఆ గాజు బల్ల పగలగొట్టి రావాలని అనిపించింది. కానీ అప్పటికే వాడకట్టువాళ్లంతా సంగతి విని వచ్చేశారు. మిఠాయి డబ్బా తెరిచారు. సర్టిఫికెట్ చేతులు మారుతోంది.

"మంచిగైంది బిడ్డా" అన్నాడు లింబాద్రి. "నడుము వంగకముందే వచ్చినవ్."

పక్కింటి కమలవ్వ మిఠాయి చేతిలో పట్టుకుని, తినకుండా, అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "తమ్మీ, మా పెద్దోడు రెండేండ్లాయె ఖాళీగున్నడు. నువ్వు ఒక్క మాట చెప్పరాదు? గంటసేపు కాకుంటే మానె, జెరసేపు పెట్టుకున్నా సాలు."

లింబాద్రి చెబుతానన్నాడు.