లోకాన్ని రక్షించిన తర్వాతి ఆదివారం

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మొన్న బుధవారం భోజనాల వేళకు లోకం రక్షింపబడింది. రక్షించినవాణ్ణి నేనే. ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో, మా ఇంటి టీవీ ముందు చాపమీద కూర్చుని అగ్నిరాజును సంహరించాను. మా వీధిలో ఎవరూ దండ తేలేదు. మహనీయులకు ఇది మామూలే.

కథ ముగిశాక ఆ వీడియో గేమ్ నన్నూ నా గుర్రాన్నీ ఒక గుట్టమీద వదిలేసింది. ఇక ఎవరినీ చంపనక్కర్లేదు. ఒక అవ్వ కోళ్ళు తప్పిపోతే వెతికిపెట్టాను. గుర్రానికి నీలం రంగు వేయించి, నచ్చక మళ్ళీ తెలుపు వేయించాను. చివరికి ఆదివారం పొద్దున ఒక పల్లె పెద్ద నా కాళ్ళమీద పడ్డాడు. ఊరి కాలువ పూడిపోయిందట. ప్రజాసేవ అనగానే నాకు ఒళ్ళు తెలియదు. పార అందుకున్నాను.

సరిగ్గా అదే వేళకు మా వీధిలోనూ కాలువ శ్రమదానం మొదలైంది. రాలేనివాళ్ళు అరటిపండు బజ్జీలు పంపాలని మా వీధి కట్టుబాటు. ఇన్నేళ్ళలో నా బజ్జీలు ఒక్క ఆదివారం తప్పలేదు.

మా ఆవిడ లస్త్రి గుమ్మంలోకి వచ్చింది. మా వైపు భార్యలు మొగుణ్ణి 'మాస్' అని పిలుస్తారు. "మాస్, మబ్బు పట్టింది. పెళ్ళివాళ్ళు చేయమన్న రొయ్యల వడియాలన్నీ వాకిట్లోనే ఉన్నాయి. కాలువ పొంగితే నా కష్టమంతా బురదపాలే. లేస్తావా?"

"కాలువ పనిమీదే ఉన్నాను."

ఆమె టీవీ వంక చూసి, వాకిట్లోకి వెళ్ళిపోయింది.

నన్ను లాక్కుపోవడానికి వీధి పెద్ద దార్మోగారు పారతో వచ్చారు. వచ్చినవారు తెర చూసి ఆగారు. "పూడిక బాగా తీస్తున్నావయ్యా సుగెంగ్. ఆ మూల కాస్త వదిలేశావు చూడు," అని చాపమీద కూర్చున్నారు. ఆయన్ను పిలవడానికి వచ్చినవాళ్ళూ కూర్చున్నారు. కాసేపటికి వీధిలోని మగవాళ్ళ బూట్లన్నీ మా గడపలోనే ఉన్నాయి.

"సోదరులారా," అన్నారు దార్మోగారు, "శ్రమదానానికి ఐకమత్యం ప్రాణం. పార ఎవరి చేతిలో ఉందన్నది అల్పవిషయం." అందరం చప్పట్లు కొట్టాం.

తెరమీద కాలువ పారింది. పల్లె జనం నాట్యమాడి నాకు ఈక టోపీ బహూకరించారు. బయట వాన దంచుతోంది. వాకిట్లో ఆడవాళ్ళ కేకలు, పారల చప్పుడు వినిపించాయి. టోపీ ఏ కోణంలో పెడితే హుందాగా ఉంటుందనే చర్చలో మేం ఎవరమూ లేవలేదు.

వాన తగ్గాక లస్త్రి వచ్చింది. మోకాళ్ళదాకా బురద. వెనక వీధిలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. నీళ్ళు చివరి వరస వడియాల తట్టలదాకా వచ్చి ఆగిపోయాయట.

"కాలువ తీశాం," అంది. "రానివాళ్ళు బజ్జీలు పంపాలి కదా. ఆకలేస్తోంది, త్వరగా కానియ్యండి."

దార్మోగారు నావంక చూశారు. నేను తెరవంక చూశాను. అక్కడ నా వీరుడు మీట నొక్కితే నలభై రకాలు వండుతాడు. ఇన్నేళ్ళ నా బజ్జీలు వేయించిన చేతులు గుమ్మంలో బురదతో నిలబడి ఉన్నాయి. నిజంగా సిగ్గేసింది.

అయినా మగవాళ్ళమంతా ధైర్యంగా వంటింట్లోకి నడిచాం. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం. పాఠక మహాశయుల్లో ఎవరికైనా మీ ఇంట్లో నూనె సీసా ఎక్కడుంటుందో తెలిస్తే సెలవివ్వండి, మేమూ అక్కడే వెతుకుతాం. ఇంట్లో అడగకుండా చెప్పాలి.