ఎర్రకోటులో పళ్ళ డాక్టరు

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరుగారు నిక్కరు వేసుకుని, పాత గుడ్డబూట్లు తొడుక్కుని, బాల్కనీలో కుండీలకు మట్టి మారుద్దామని కూర్చున్నారు. వారమంతా ఇతరుల నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి, ఆ ఒక్కపూటా నోరులేని మొక్కల దగ్గర కూర్చోవడం స్వర్గం. సగం మట్టి బయటికి తీశారో లేదో వాన మొదలైంది. వానతోపాటు ఫోనూ మోగింది.

"ఏమండీ, నా ఎర్రకోటు తలుపు వెనక కొక్కేనికే ఉండిపోయింది!" భార్య రొప్పుతోంది. "నీలంది తెచ్చుకున్నా. ఫైనల్లో నాకు ఎరుపు పడింది. కోటు లేకపోతే ఓడిపోయినట్టే రాసేస్తారు. పరిగెత్తుకు రండి!"

"పక్కవాళ్ళది అడగరాదూ?"

"నా భుజాలకి పక్కవాళ్ళది పడుతుందా? తడపకండి. తడి కోటుతో ఆడనివ్వరు."

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. స్టీరింగు తిప్పితిప్పి నడుము పట్టేస్తోందని వ్యాయామానికి చేరి, సాంబో అనే కుస్తీలో పడింది. మందపాటి కోటు వేసుకోవడం, అవతలివాళ్ళ కోటు పట్టుకుని ఎత్తి పడెయ్యడం, కీలు మెలిపెట్టి లొంగదీయడం. డాక్టరుగారికి తెలిసింది అంతే. "పరుపు మీద పెద్దవాళ్ళ దొర్లుడు" అని వేళాకోళం చేసేవారు తప్ప ఒక్క పోటీకీ వెళ్ళిన పాపాన పోలేదు. కిందటిసారి ఫైనల్లో ఓడిపోయి వచ్చి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటే, "పోనీలే, ఒళ్ళు వంగింది కదా" అని ఓదార్చబోయి ఆ రాత్రి పస్తున్నారు.

అందుకే ఈసారి మారుమాట్లాడలేదు. సంచీలో పెడితే తడుస్తుందని కోటు తానే తొడుక్కుని, నడుముకు దాని పట్టీ బిగించి, పైన రెయిన్‌కోటు వేసుకుని స్కూటరెక్కారు.

ఆటల హాలు గుమ్మంలో రెయిన్‌కోటు విప్పారు. ఎర్రకోటు, నిక్కరు, గుడ్డబూట్లు. సాంబో ఆడేవాళ్ళ వేషం అచ్చంగా అదేనన్న సంగతి ఆయనకు తెలియదు. తెలిసినవాడు ఎదురుగానే ఉన్నాడు. మెడలో ఈల వేలాడేసుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంవైపే చూస్తున్న నిర్వాహకుడు. అందరూ ఈల మాస్టారంటారు.

"హమ్మయ్య, వచ్చారా! గురువుగారు ఎప్పట్నించో కాసుకుని ఉన్నారు."

"ఇదిగోనండీ, కోటు..." అన్నారు డాక్టరుగారు.

"కోటు బ్రహ్మాండంగా ఉంది. పదండి!"

భార్య దగ్గరికే తీసుకెళ్తున్నాడనుకుని డాక్టరుగారు వెంట నడిచారు. తీరా చూస్తే హాలు నడిమధ్య, పెద్ద పసుపుపచ్చ పరుపు మీద తేలారు. ఎదురుగా నీలం కోటులో నెరిసిన మీసాల మనిషి. పొట్టిగా, పీపాలా ఉన్నాడు. ఎక్కడెక్కడి మల్లులకో పట్లు నేర్పిన పెద్దగురువు. ఫైనల్సుకు ముందు ఆయన పట్లు ప్రదర్శించాలి. ఆ పట్లు తన మీద వేయించుకోవడానికి ఒప్పుకున్న వస్తాదు, గురువుగారి చేతులు చూశాక, కడుపునొప్పని ఉడాయించాడు. బదులుగా ఇంకెవరినో పంపిస్తామని అతని జట్టువాళ్ళు అన్నారు. ఆ ఇంకెవరో ఈయనేనని ఈల మాస్టారి నమ్మకం.

గురువుగారు డాక్టరుగారి కళ్ళజోడు మెల్లగా తీసి అంపైరుకిచ్చారు. దాంతో హాలవతల గంతులేస్తూ చేతులూపుతున్న భార్య కాస్తా మసక మచ్చయిపోయింది. గురువుగారు ఒక చేత్తో కోటు చెయ్యి, ఒక చేత్తో రొమ్ము దగ్గరి కోటు అంచు పట్టుకున్నారు.

"బట్ట గట్టిదేనండీ," అన్నారు డాక్టరుగారు, మర్యాదకి.

మరుక్షణం ఆయన కాళ్ళ కింద నేల లేదు. గురువుగారి నడుము ఆయన పొట్ట కిందికి ఎప్పుడొచ్చిందో, కప్పుమీది దీపాలు అర్ధచంద్రాకారంలో ఎలా తిరిగాయో తెలియలేదు. వీపు పరుపుకు తగిలే ముందు ఆ చెయ్యి కోటును రవ్వంత పైకి లాగింది. చంటిపిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టుగా ఆనిందాయన ఒళ్ళు. ఎక్కడా నొప్పి లేదు.

డాక్టరుగారు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. పన్ను పీకడానికి కావలసింది బలం కాదు, కోణం. ఆ కిటుకు పట్టుబడడానికి ఆయనకు సగం వయసు పట్టింది. ఈ మనిషి తననే ఒక దంతంలా చూశాడు! ఎటు కదిపితే ఊడి వస్తానో చేతుల్తోనే కనిపెట్టేశాడు!

"ఇంకోసారి వెయ్యండి," అన్న మాట ఆయన నోటినుంచి ఆయన ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

గురువుగారి మీసాలు విచ్చుకున్నాయి. ఈసారి ముందుకు లాగారు. డాక్టరుగారు సహజంగానే వెనక్కి గుంజుకున్నారు. ఆ గుంజుడే ఆయన కొంప ముంచింది. గురువుగారి మడమ వచ్చి ఆయన మడమ వెనక మెలిపడింది. మళ్ళీ దీపాలు. 'నన్ను నాచేతనే పడగొట్టించాడే!' అనుకున్నారు డాక్టరుగారు, దణ్ణం పెట్టాలనిపించింది.

తరవాత కీళ్ళ పట్లు. గురువుగారు ఆయన కుడిచేతిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, మోచెయ్యి కాస్త వెనక్కి వంచి, "చాలనిపిస్తే పరుపు మీద తట్టు నాయనా," అని చెవిలో చెప్పారు. ఆ మాట చప్పట్లలో కొట్టుకుపోయింది. నొప్పి మొదలవగానే డాక్టరుగారు, నొప్పేస్తే చెయ్యెత్తమని తన ఆసుపత్రిలో రోగులకు నేర్పిన పనే తాను చేశారు. రెండో చెయ్యి నిటారుగా పైకెత్తారు.

"చూశారా! రెండోది కూడా ఇస్తున్నాడు!" జనం లేచి నిలబడ్డారు.

గురువుగారి కళ్ళు చెమర్చాయి. ఇచ్చిన చేతిని కాదనకూడదు కదా, దాన్నీ పట్టారు. డాక్టరుగారికి ఎత్తడానికి ఇక చేతుల్లేక కాలెత్తారు. గురువుగారు గబుక్కున చేతులు వదిలి ఆ కాలిని చంకలో పెట్టుకుని మోకాలు బిగించారు. ఒక పట్టు నుంచి ఇంకో పట్టులోకి ఆయన నీళ్ళలా జారిపోతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. అందరికన్నా దగ్గరగా చూస్తున్నవాడు డాక్టరుగారే. 'అబ్బా' అనడానికీ 'ఆహా' అనడానికీ మధ్య ఆయన గొంతు ఎటూ తేల్చుకోలేకపోయింది.

ఈలోగా మైకు పిలిచింది. "ఆడవారి ఫైనలు. ఎర్రకోటు, బరిలోకి రావాలి."

భార్య ఈల మాస్టారి మీద పడింది. "ఆ కోటు నాదండీ! ఆయన మా ఆయన!"

"అబద్ధాలాడకమ్మా. అలా పడేవాడు మామూలు మనిషా? ఎంత సాధన చెయ్యాలి!"

"ఆయన పళ్ళ డాక్టరండీ బాబూ!"

"పళ్ళేగా ఇంకా మిగిలినవి, వాటి సంగతి ఆయనే చూసుకుంటాడు. పక్కకి జరగమ్మా!"

"ఎర్రకోటు, ఆఖరి పిలుపు!" అంది మైకు.

రద్దీలో బస్సును మలుపు తిప్పిన మనిషికి మాస్టారొక లెక్కా? ఆవిడ ఒక్క అంగలో పరుపెక్కింది. అప్పుడే గురువుగారు శిష్యుణ్ణి లేవనెత్తి, కౌగిలించుకోబోతున్నారు. ఆవిడ వెనకనుంచి కోటు మెడపట్టి ఒక్క గుంజు గుంజింది. డాక్టరుగారి కాళ్ళు అప్పటికే పిండిముద్దలు. పడిపోతూ ప్రాణభయంతో గురువుగారి కోటు అంచులు రెండు చేతులా పట్టుకుని, అమాంతం వెనక్కి కూలబడ్డారు. గాల్లో అడ్డదిడ్డంగా లేచిన కాలు గురువుగారి పొట్టకు ఆనింది. ఆ మహానుభావుడు డాక్టరుగారి తలమీదుగా గుండ్రంగా తిరిగి, అవతల వెల్లకిలా పడ్డాడు. దభీమని చప్పుడైంది.

గురువుగారు కప్పుకేసి చూస్తూ, పసివాడిలా నవ్వుతున్నారు.

ఆవిడకు అదంతా చూసే తీరిక లేదు. మొగుణ్ణి బొర్లించి, పట్టీ లాగి, కోటు ఊడబెరికి తొడుక్కుంటూ పక్క బరిలోకి దూకింది. ఎవరో కళ్ళజోడు చేతికిచ్చారు. డాక్టరుగారు బనీనుతో, మోకాళ్ళ మీద పాక్కుంటూ బరి అంచుకు చేరారు.

అవతలిది కిందటిసారి గెలిచిన అమ్మాయే. ఆ అమ్మాయి ముందుకు తోసుకొచ్చింది. ఆవిడ తోయనిచ్చింది. ఒక్క అడుగు పక్కకు తిరిగింది, నడుము కిందికి దిగింది. డాక్టరుగారి ఒంట్లో ప్రతి కీలుకూ ఇప్పుడేం జరగబోతోందో తెలిసింది. అంత పొడుగు అమ్మాయీ గాల్లో తేలి, వీపు మొత్తం పరుపుకు ఆనేలా పడింది. ఆవిడ మాత్రం నిలబడే ఉంది, గుడి గోపురంలా. అవతలివాళ్ళను వెల్లకిలా పడేసి తాను నిలబడితే ఇక లెక్కలు లేవు, ఆట అక్కడికక్కడే గెలిచినట్టు.

ఇన్నాళ్ళూ ఈ మనిషినా తాను ఎగతాళి చేసింది! బతికి బయటపడడం ఆవిడ మంచితనమేననిపించింది. "ఏమోయ్!" అని అరిచారు. ఆవిడ ఇటు చూసింది. బనీను మీద చెమటా కన్నీళ్ళూ కలిసిపోయిన మొగుణ్ణి చూసి నవ్వింది.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నువ్వు... ఎంత బాగా పడేశావే!"

అప్పుడు నడుము పట్టుకుని కుంటుకుంటూ పెద్దగురువు వచ్చారు. వెనకాలే ఈల మాస్టారు, జనం.

"బాబూ, ఇన్నేళ్ళలో నన్ను వెల్లకిలా పడేసినవాడు లేడు. ఆ పట్టేమిటో నాకు నేర్పుతావా?" అన్నారు గురువుగారు చేతులు కట్టుకుని.

డాక్టరుగారు భార్యవైపొకసారి చూసి, గొంతు సవరించుకున్నారు.

"అది ఒక్కడి చేతిలో పనికాదండీ. ఇంట్లో అడిగి చెబుతాను."