గేదె మెడలోంచి జారిన అంత్రం

కర్నూలు రాజధాని అయిన ఏడాది మాట. కోసిగి దగ్గర ఓ పల్లెలో సుంకమ్మ, ఈనిన గేదెకు పొద్దున్నే అంత్రం కట్టింది, ఆ తర్వాత తీరిగ్గా జున్నుపాలు పిండుకుందామనుకుంది. నల్లతాడుకు చిన్న మూట, అందులో వసకొమ్ము, జీడిగింజ, మిరపకాయ. మంత్రాలు తెలిసిన గిడ్డమ్మ చేతిపని. పక్కింటి వెంకటేశ్వరమ్మ నిన్న గేదె పొదుగు చూసి "అబ్బా!" అంది. ఆ ఒక్క అబ్బాతోనే, ఆమె చేతబడి చేయిస్తుందనీ గేదె ఇక పాలు చేపదనీ సుంకమ్మ తేల్చేసుకుంది.

గేదెకు ఈ భయాలేమీ లేవు. మెడ దురద పెడితే వెళ్లి పక్కింటి గోడకు రాసుకుంది. తాడు తెగి, మూట సరిగ్గా వెంకటేశ్వరమ్మ గడప ముందు పడింది.

"ఓయమ్మో! మా ఇంటికి ఎవురో చేతబడి చేసినారు!"

ఆ కేకకు వీధి వీధంతా వచ్చి పడింది. ఆమె మొగుడు పెద్ద ఈరన్న లోపలే ఉండిపోయి, గడప దాటేది లేదన్నాడు. ఎవరో మూట మీద గంప బోర్లించారు. అది చాలదని ఇంకెవరో గంప మీద రోకలి పెట్టారు. మునసబు దేవేంద్రప్ప పది బారల దూరం నుంచే తీర్పు చెప్పేశాడు.

"చేసినోళ్లు ఎవురైనా సరే, ఊరు ఇడిసి పోవాల్సిందే!"

సుంకమ్మ జనం వెనక్కి జరిగింది. తనదేనని ఒప్పుకుంటే ఎవరికి భయపడి కట్టిందో కూడా చెప్పాలి. ఊరుకుంటే చేతబడి చేసిన మనిషి అవుతుంది. అంతలో విరుగుడు చేయమని గిడ్డమ్మనే పిలుచుకొచ్చారు.

గిడ్డమ్మ రోకలి పక్కన పెట్టి, గంప ఎత్తి, మూట అరచేతిలోకి తీసుకుంది. తను వేసిన ముడి తనకు తెలియదా! ఒక్కసారి సుంకమ్మ మొహం చూసింది. మూట విప్పి, వసకొమ్ము కొంగుకు తుడిచి, నోట్లో వేసుకుని నమిలింది.

"ఇది చేతబడి కాదప్పా, చేతబడికి అడ్డం కట్టే అంత్రం. ఈ ఇంటికి ఏ కీడూ రాకూడదని సుంకమ్మే కట్టించింది. చెప్పుకోను సిగ్గయి ఈడ పెట్టిపోయినట్టుండాది."

అంత దయగల అబద్ధం సుంకమ్మ పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆ ముసలామె కాళ్లకు మొక్కాలనిపించింది.

వెంకటేశ్వరమ్మ బోరుమని ఏడుస్తూ సుంకమ్మను కావలించుకుంది. "అక్కా, నువ్వు ఇంత మంచిదానివని తెలీకపాయె! నీకు బయపడి పోయిన నెల్లోనే మా పొయ్యి కింద అంత్రం పాతించుకుంటి!"

"యాడ చేయించినావు?" అంది సుంకమ్మ.

వెంకటేశ్వరమ్మ గిడ్డమ్మ వైపు చూసింది. గిడ్డమ్మ తొణకలేదు.

"రెండూ పని చేసినాయి గదా! పోండి, పోయి జున్ను వండుకోండి."

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండటం లేదు. వాళ్లు అంత కలిసిపోవడం చూసి జడుసుకున్న మూడో ఇంటి రామేశ్వరమ్మ, మరుసటి వారమే గిడ్డమ్మ ఇంటికి బయలుదేరింది.