కానుగ నూనె మీద విచారణ

ఒక పెద్ద అడవిలో పికప్ బండ్లు తిరిగేవి. అడవికి పికప్ బండ్లెందుకని అడగకండి. కార్యాలయం ఉన్నచోట బండి ఉంటుంది. బండి ఉన్నచోట డీజిల్ తొట్టి ఉంటుంది. తొట్టి ఉన్నచోట దానికి కాపలా కాస్తూ బలిసే పెద్దమనిషి ఒకడుంటాడు. ఈ అడవిలో ఆ పెద్దమనిషి అడవిపంది.

బండ్లలో మేలైనది అధ్యక్షులవారైన పెద్దపులికి ఇచ్చారు. దాని తరవాతిది కార్యదర్శి కొంగకి. మిగిలినవి పులి బావమరుదులకీ, కొంగ మేనల్లుళ్ళకీ పోగా, అందరూ వద్దన్న ముసలిబండి ఒకటి మిగిలింది. దానిమీద నీళ్ళ డ్రమ్ములు కట్టి గుట్టమీదికి పంపి, అక్కడ దించేవారు. గుట్టమీద దుప్పులుండేవి. ఎండాకాలం అక్కడ చుక్క నీరు దొరకదు. బండి వచ్చిన పూట దుప్పి పిల్లలు తాగేవి. రాని పూట తల్లుల మొహాలు చూసేవి.

పంది తొట్టిని ఏనాడూ కడిగిన పాపాన పోలేదు. ఏటా దసరాకి మాత్రం తొట్టికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దిష్టి తీసిన నిమ్మకాయనీ ఒక పసుపుకొమ్మునీ మూతలోంచి లోపలికి వేసేది. "ఇక అమ్మవారే చూసుకుంటుంది" అనేది. ఆ తరవాత ఏడాది పొడుగునా డీజిల్ తోడుకుని పక్కడవికి అమ్ముకునేది. తోడినంత మేరా కిరసనాయిలూ వాగునీళ్ళూ పోసి నింపేది. దాంతో మడ్డి అడుగున పేరుకుని గట్టిపడింది. గట్టిపడ్డ మడ్డితో ఎవరికీ పేచీ లేదు. బండ్లు నల్లటి పొగ కక్కుతూ, క్షయరోగుల్లా దగ్గుతూ నడిచేవి. బండి నడకంటే అదేనని అడవంతా అనుకునేది.

అదే అడవిలో ఒక ఎలుగుబంటి కానుగ గింజలు ఏరి నూనె ఆడేది. ముడినూనె పోస్తే ఇంజను జిడ్డు పట్టి చస్తుంది. అందుకని నూనెలో ఇప్పసారా, కాస్టిక్ సోడా కలిపి కాచి, అడుగుకి దిగిన జిడ్డు తీసేసి, పైన తేలిన పల్చటి దాన్ని కడిగి ఆరబెట్టేది. దాన్నే బయోడీజిల్ అంటారు. ఎలుగుబంటి పుటక పుట్టి సారాని గొంతులో కాక నూనెలో పోసిందంటే దాని పట్టుదల ఏపాటిదో చూడండి. తక్కిన ఎలుగుబంట్లు మాత్రం దానికి పిచ్చెక్కిందని తేల్చేశాయి.

ఒకనాడు దుప్పి దిగివచ్చి ఎలుగుబంటిని కలిసింది.

"అన్నా, గుట్టబండికి డీజిల్ చాలట్లేదంటున్నారు. రోజు మార్చి రోజు వచ్చే బండి ఇప్పుడు ఎప్పుడొస్తుందో తెలియట్లేదు. నీ నూనె కలిపితే నడుస్తుందా?"

"నడుస్తుంది చెల్లీ. నాలుగు పాళ్ళ డీజిల్‌కి ఒక పాలు ఇది కలిపితే ఏ ఇంజనూ కాదనదు. కానీ నా మాట ఎవరు వింటారు?"

వినేవాళ్ళు దొరికారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చుట్టుపక్కల అడవులన్నీ కలిసి ఒక సభ పెట్టి, అన్నిటికన్నా తక్కువ పొగ వదిలే అడవికి పచ్చకిరీటం పెడతామని చాటించాయి. కిరీటం మాట వినగానే పులి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అప్పటికే దానికి నెత్తిమీద ఒక కిరీటం ఉంది. అయినా ఏ పులికీ ఒక్కటి చాలదు.

సమావేశంలో ఎలుగుబంటి తన నూనె సీసా చూపించింది. కొంగ ఒంటికాలిమీద నిలబడి, కళ్ళు మూసుకుని ఆలోచించింది. పంది కూడా ఆలోచించింది. అయిదు పాళ్ళలో ఒక పాలు నూనె పోస్తే ఒక పాలు డీజిల్ మిగులుతుంది. మిగిలింది ఎక్కడికి పోవాలో పందికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"కలపండి! వెంటనే కలపండి!" అని పంది లేచి అరిచింది. "పచ్చదనమంటే నాకు ప్రాణం. పొగ చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది."

పంది కడుపు తరుక్కుపోవడం సభలో ఎవరూ అదివరకు చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కలిపే పని పందికే అప్పగించారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనబోయిన ఉడత ఒకటి, పక్కనున్నవాళ్ళని చూసి నోరు మూసుకుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. పొగ తగ్గింది. దగ్గు తగ్గింది. గుట్టబండి నడిపే కోతి "ఇది నా బండేనా?" అని దిగి ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుంది. దుప్పి పిల్లలు వరసగా నీళ్ళు తాగాయి. పులి తలకి కొలతలు తీయించుకుంది.

కానీ ఎలుగుబంటి నూనెకి ఒక గుణం ఉంది. పారేదారిలో పాత మడ్డి కనిపిస్తే ఊరుకోదు, కరిగించి కదిలిస్తుంది. తొట్టి గోడలకి అంటుకున్నదీ, అడుగున పేరుకున్నదీ అంతా వదులై, డీజిల్‌తో పాటు బండ్లలోకి వచ్చింది. ఫిల్టర్లు పూడిపోయాయి. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అన్నిటికన్నా ముందు ఆగింది గుట్టబండి. సగం ఎక్కులో నిలబడిపోయింది. కోతి ఫిల్టరు విప్పి వంచింది. నల్లటి మడ్డి ముద్దగా పడింది. అందులో ఇసక, తుప్పు, పసుపుకొమ్ము ముక్క, కుళ్ళిన నిమ్మతొక్క ఉన్నాయి. కోతి దాన్ని ఆకులో చుట్టుకుని పంది దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, ఇది నూనె చేసిన పని కాదు. ఇదంతా మన తొట్టి అడుగు."

పంది ఆకు విప్పి చూసింది, మూసింది. "ఒరేయ్, వారం వారం నీ ఇంటికొచ్చే డబ్బాలో డీజిల్ ఎక్కడిదిరా?"

కోతి మడ్డి వంక మరోసారి చూసింది. "నిజమే బాబాయ్, నూనె పనే అయ్యుంటుంది" అంది.

కొత్త ఫిల్టరు ఒకటి రెండుసార్లు మార్చి, తొట్టి అడుగు ఒక్కసారి తోడేస్తే కథ అక్కడికి ముగిసేది. ఆ సంగతి కోతికి తెలుసు, పందికి తెలుసు, కొంగకి కూడా తెలుసు. తెలియనిది నాకు ఒక్కటే, ఇంతమందికి తెలిసిన సంగతి నోట రావడానికి అంత బరువేమిటని.

దుప్పి మళ్ళీ దిగివచ్చింది. ఈసారి కార్యాలయానికి వచ్చి కొంగ ముందు నిలబడింది.

"అయ్యా, బండి పైకి రాక పిల్లల నాలికలు పిడచకట్టాయి. నా చిన్నది లేచి నిలబడట్లేదు. ఫిల్టరు ఒక్కటి ఇప్పించండి, కోతిబాబు మార్చుకుంటాడు."

"ఫిల్టరా?" కొంగ ఒక కన్ను తెరిచింది. "అమ్మా, ఫిల్టరు ఇచ్చామంటే తొట్టిలో మడ్డి ఉందని ఒప్పుకున్నట్టు. తొట్టి శుభ్రంగా ఉందని ఏటా సంతకం పెట్టింది నేను. నా సంతకం అబద్ధమంటావా?"

"నాకు సంతకాలు తెలియవయ్యా. దాహం తెలుసు."

"దాహానికి ఒక పద్ధతి ఉంటుంది. విచారణ వేస్తున్నాం. తేలనీ" అని కొంగ కన్ను మూసింది.

విచారణకి గుడ్లగూబని వేశారు. గుడ్లగూబ గొప్ప నిపుణురాలు. కటిక చీకట్లో చీమ కాలు విరిగినా చూసి చెబుతుంది. కాకపోతే విచారణలు పగలు, ఆఫీసు వేళల్లోనే జరగాలని నిబంధన. పగలు దానికి ఏనుగు ఎదురొచ్చినా కనిపించదు. కొంగ వెతికి వెతికి దాన్నే ఎంచుకోవడానికి కారణం అదే.

"తొట్టి ఎలా ఉంది?" అని గుడ్లగూబ అడిగింది.

"అద్దంలా ఉంది" అని పంది చెప్పింది.

"అద్దంలా ఉంది" అని గుడ్లగూబ రాయించింది. "ఫిల్టర్లో ఏం దొరికింది?"

కొంగ నిమ్మతొక్కని గుడ్లగూబ ముక్కు దగ్గర పెట్టింది. గుడ్లగూబ వాసన చూసి, తల చుట్టూ తిప్పి, ఎలుగుబంటి ఎటుందో అటు కాకుండా చెట్టు వైపు తిరిగి గద్దించింది.

"నీ నూనెలో పులుపు ఉంది. పులుపు తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పడితే బండి ఆగుతుంది. దీనికేమంటావు?"

"దొరా, నేను ఇటున్నాను" అంది ఎలుగుబంటి. "ఆ నిమ్మకాయ నేను వెయ్యలేదు."

"నువ్వు వేశావని ఎవరన్నారు? నీ నూనె రాకముందు ఈ అడవిలో ఏ ఫిల్టర్లోనైనా నిమ్మకాయ దొరికిందా?"

"దొరకలేదు దొరా, కానీ…"

"నీ నూనె వచ్చాక దొరికిందా లేదా?"

"దొరికింది. అది దసరా నిమ్మకాయ దొరా, తొట్టి మూతలోంచి…"

"దసరా జోలికి వస్తావా?" అని పంది గుర్రుమంది. "మా అమ్మవారి పూజని మురికంటావా? విన్నారా అందరూ?"

అందరూ విన్నారు. బండ్లు ఆగిన కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఉన్నవాళ్ళకి ఇప్పుడు దారి దొరికింది. నిమ్మకాయ ఎవరు వేశారన్న మాట ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎలుగుబంటికి భక్తి లేదన్నారు. సారా వాసన వస్తోందన్నారు. అసలు ఆ నూనె చేదన్నారు, తాగి చూసినట్టు.

తీర్పు వచ్చింది. ఏళ్ళ తరబడి ప్రశాంతంగా ఉన్న తొట్టిలో ఈ నూనె అలజడి రేపిందనీ, కనక నూనె దోషి అనీ, గానుగ పగలగొట్టి ఎలుగుబంటిని అడవి దాటించాలనీ రాశారు. తొట్టిని ఇంతకాలం అంత ప్రశాంతంగా ఉంచినందుకు పందికి శాలువా కప్పారు. అత్తమీద కోపం దుత్తమీద అన్నట్టు గానుగని పదిమంది కలిసి బద్దలుకొట్టారు. కోతి కూడా ఒక దెబ్బ వేసింది, అందరికన్నా గట్టిగా.

ఈ తతంగం నడిచినన్నాళ్ళూ గుట్టమీదికి బండి పోలేదు. దుప్పి చిన్నపిల్ల ఎండిన డ్రమ్ములో మూతి పెట్టుకుని అలాగే పోయింది. ఈ సంగతి రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఒక్క ఫిల్టరు, ఇంత పొడుగు డబ్బా, దాని ఖరీదు పందికి కప్పిన శాలువాలో పదోవంతు ఉండదు.

అడవి దాటిపోతున్న ఎలుగుబంటి గుట్ట మీదుగా వెళ్ళింది. దుప్పి దాన్ని చూసి ఎదురొచ్చింది.

"కొండ అవతల ఏరుంది చెల్లీ" అంది ఎలుగుబంటి. "దూరమే. నడవలేని పిల్లల్ని నా వీపుమీద ఎక్కించు."

గుట్ట ఖాళీ అయింది.

ఇక్కడ తొట్టిలో మళ్ళీ ఉత్త డీజిల్ పోశారు. అయితే కదిలిన మడ్డికి తీర్పు చదవడం రాదు. వదులైంది వదులైనట్టే ఉండి, బండి బండిలోకీ వచ్చిపడింది. పంది ఈసారి పెద్ద పూజ చేయించి గంపెడు నిమ్మకాయలు వేసింది. పక్కడవిలో దాని డీజిల్ కొన్నవాళ్ళ బండ్లు కూడా ఆగిపోతే, వాళ్ళు వచ్చి దాని కోర ఒకటి విరగ్గొట్టి పోయారు. కోర ఏమైందని అడిగితే పచ్చదనం కోసం త్యాగం చేశానంది.

పచ్చకిరీటం పెట్టే సభ రోజు రానే వచ్చింది. పులి కోతిని తోలమని, కొంగనీ పందినీ ఎక్కించుకుని తన బండిలో బయల్దేరింది. సభకి దారి గుట్టమీదుగా పోతుంది. మేలైన బండి కనక సగం ఎక్కుదాకా వచ్చి మరీ ఆగింది. కోతి తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా బండి కిక్కురుమనలేదు.

"దిగి తొయ్యండి" అంది పులి, తను దిగకుండా.

కొంగ ఒక పక్క, ఒంటికోర పంది ఒక పక్క, కోతి వెనక చేరి ఎండలో తోశాయి. గుట్టమీదికి చేరేసరికి అందరి నాలికలూ బయటికొచ్చాయి.

"నీళ్ళు" అంది పులి. "ఇక్కడ దుప్పులుండాలే, నీళ్ళు తెమ్మనండి."

కొంగ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఎండిన డ్రమ్ములు దొర్లి ఉన్నాయి. అధ్యక్షులవారు బండి దిగి, ఒక డ్రమ్ములో తలదూర్చి తుప్పు నాకి, ఇంకోదాన్లో తలదూర్చారు. పంది మూడోది నాకింది. డ్రమ్ములు ఖాళీగా ఎందుకున్నాయని ఒక్కరు కూడా అడగలేదు. తిరిగి వెళ్ళాక కొంగ మాత్రం బాధ్యతగా రాసుకుంది, గుట్టమీద ఇప్పుడు నీటి ఎద్దడి బొత్తిగా లేదని, తాగేవాళ్ళు లేరు కనక.

అవతలివైపు దిగుడు. బండి దానంతటదే జారుకుంటూ సభా ప్రాంగణంలోకి వచ్చి ఆగింది. పొగ లేదు, చప్పుడు లేదు. అన్ని అడవుల పెద్దలూ లేచి నిలబడ్డారు. ఇంత శుభ్రమైన బండిని జన్మలో చూడలేదని కళ్ళొత్తుకున్నారు. పచ్చకిరీటం తెచ్చి, ఇంకా తుప్పంటుకుని ఉన్న పులి తలమీద పెట్టారు.

నీతి: కడిగేవాడు వచ్చేదాకా ప్రతి తొట్టీ శుభ్రమైనదే.