వియత్నాం పోవలసిన పట్టా

“సైదులూ, ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక ఏ నేరం జరిగినా, నేరస్థుడు చేసే మొదటి తప్పు ఒక్కటే. నేను బతికుండంగ చేసుడు.”

ఈ మాట అన్నది నా దోస్తు అంతయ్య. ఒక చేతిల భూతద్దం, ఇంకో చేతిల బట్టల షాపు సంచి పట్టుకొని, మా ఇంటి గడపల నిలబడి అన్నడు.

అంతయ్య ఆర్టీసీల టికెట్ల చెకింగ్ ఆఫీసరు, నేను కండక్టర్‌ను. ముప్పై ఏండ్లు ఆయన చెయ్యెత్తి బస్సు ఆపితే ముందు నా గుండె ఆగేది, తర్వాత బస్సు ఆగేది. ఇద్దరం రిటైరైనా ఇప్పటికీ ఆయన “ఆగు” అంటే నా కాలు ముందుకు పడదు. టికెట్ లేనోన్ని వాసన చూసి పడతడని డిపోల పేరు. ఒకసారి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ పక్కపొంటి సైకిల్ తొక్కుకుంట వచ్చి, కిటికీలకెల్లి చూసి, మూడో సీట్ల కూసున్నాయనకు టికెట్ లేదని చెప్పిండు. నిజంగనే లేదు. ఆయన మా డిపో మేనేజర్.

రిటైరైనంక ఆ తెలివంత ఏం చేసుకోవాలో తెల్వక డిటెక్టివ్ అయిండు. ఆ పొద్దు నేనే పిలిచిన. వరదల కొట్టుకపోయేటోడు ఏది దొరికితే అది పట్టుకుంటడు గదా, అట్ల పిలిచిన.

నా బిడ్డ బిడ్డ అరుణ డిగ్రీ పట్టా కనపడుత లేదు. అరుణ సరూర్‌నగర్‌ల ఒక ప్రైవేట్ బడిల నాలుగేండ్లు ఇంగ్లీష్ చెప్పింది. విజయవాడ దాటి ఎన్నడు పోలే. అసొంటి పిల్లకు వియత్నాంల ఇంగ్లీష్ టీచర్ నౌకరి దొరికింది. పరాయి దేశం పిల్లలకు పాఠం ఎట్ల చెప్పాలో నేర్పే కోచింగ్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌ల మూడో అంతస్తు మీద ఉంది. కాగితాలు పంపేది గూడ వాళ్లే. అసలు పట్టా మీద ఢిల్లీల ముద్ర పడాలె. ఆ కట్ట శుక్రవారం ఐదింటికి కొరియర్‌కు పోతది. అండ్ల పట్టా లేకపోతే అరుణ జాగల ఇంకొకరు పోతరు. ఆ పొద్దు శుక్రవారమే, టైం పదకొండు.

“పట్టా ఎక్కడ పెట్టిన్రు?” అన్నడు అంతయ్య.

“బీరువాల,” అన్నది నా భార్య అనంతమ్మ. “మడత పడొద్దని పోయిన వారమే బట్టల నడుమ పెట్టిన. నా చేతుల్తోనే పెట్టిన.” అని, నాలుగోసారి బీరువా కింద పోసేతందుకు లోపలికి పోయింది.

“తర్వాత ఇంటికి ఎవరొచ్చిన్రు?”

“ఆదివారం నాతోపాటు వియత్నాం వచ్చేటోళ్లు వచ్చిన్రు తాతా,” అన్నది అరుణ. “కృష్ణకుమారి గారు, మహిపాల్. ముగ్గురం ఒక్కటే విమానం. పరాయి దేశంల ఒకరికొకరు దిక్కు గదా, ముందుగాల మంచిగ తెలిసుండాలని అమ్మమ్మ అన్నానికి పిలిచింది.”

అంతయ్య కండ్లు మూసుకున్నడు. “తోటి ప్రయాణికులు,” అన్నడు, ఏదో విషం పేరు చెప్పినట్టు. “ముప్పై ఏండ్లు ప్రయాణికులనే చూసిన బిడ్డా. ఒక్కడు గూడ నమ్మేటట్టు లేడు.”

సంచిల చెయ్యి పెట్టి సామానంత తీసిండు. ఒక నోట్‌బుక్, ఒక పౌడర్ డబ్బా, ప్లాస్టిక్ కవర్ల మడతలు చెదరని చిలకాకుపచ్చ జాకెట్ ముక్క. కవర్లకెల్లి దాని కొస జర గుంజి భూతద్దం తుడిచిండు.

“గదెందుకే?” అన్న నేను.

“మా యాదలక్ష్మి నిన్న ఎవరింటికో పేరంటానికి పోయి తెచ్చింది. సంచి ఎట్లున్నదో అట్లనే పట్టుకొచ్చిన. పరిశోధకునికి మెత్తటి గుడ్డ ఉండాలె.” భార్య చీరకొంగు తప్ప అన్ని తెచ్చుకున్నడు.

కోచింగ్ సెంటర్‌కు పోయేతందుకు మెట్రో ఎక్కినం. ఎదురుంగ కూసున్నాయనను టికెట్ చూపియ్యమన్నడు. ఆయన పాపం చూపిచ్చిండు.

కోచింగ్ సెంటర్ తలుపుకు అద్దం ఉన్నది. లోపల ఆరడుగుల పిలగాడొకడు ఒక చెయ్యి ముక్కుకు ఆనిచ్చి, ఇంకో చెయ్యి తోక లెక్క ఊపుకుంట, ధన్ ధన్ అని దుంకుతున్నడు. హయత్‌నగర్ మహిపాల్ వాడే.

“సంకేతాలు,” అని నా చెవుల ఊదిండు అంతయ్య. “ఎదురు బిల్డింగ్ల ఎవడో ఉన్నడు. రాస్కో.”

తలుపు తీసి నిలదీస్తే మహిపాల్ రుమాలుతోని చెమట తుడుచుకున్నడు. “ఏనుగు, అంకుల్. చిన్న పిల్లలకు జంతువుల పాఠం. రేపు పరీక్ష ఉంది.”

“మీ నాయనకు హయత్‌నగర్ దిక్కు గన్ని జాగలున్నయట,” అన్నడు అంతయ్య, మెట్రోల నేను చెప్పింది పట్టుకొని. “ నువ్వు సముద్రం దాటిపోయి దుంకుడెందుకు?”

“ఇంట్ల ఉంటే జాగల కాడ కుర్చీ ఏసి కూసోబెడ్తరు అంకుల్. వచ్చినోడు గజం ఎంత అంటడు, నేను చెప్త. పొద్దుందాక గదే పని. పిల్లల ముందట దుంకితే వాళ్లు నవ్వుతరు. జాగ కొన్నోడు ఎన్నడు నవ్వలే.”

అంతయ్య నోట్‌బుక్‌ల ‘అనుమానం తీరలేదు, ఏనుగు బాగుంది’ అని రాసుకున్నడు.

తర్వాత కృష్ణకుమారి వచ్చింది. నలభై ఐదేండ్ల మనిషి. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల హనుమాయమ్మ అనే ఆమె ఇంట్ల కిరాయికుంటది.

“ఆదివారం సైదులు ఇంట్లకెల్లి పోయేటప్పుడు చేతిల ఏమున్నది?”

“కవరండీ. పిన్నిగారు బొట్టు పెట్టి ఇచ్చారు కదండీ. రెండు అరటిపళ్లు, తమలపాకులు, వక్క, జాకెట్టు ముక్క.”

“అరటిపండ్లు ఎక్కడ?”

“తినేశానండీ.”

“సాక్ష్యం తిన్నది,” అన్నడు నాతోని. “జాకెట్ ముక్క?”

కృష్ణకుమారి మొహం ఎర్రబడ్డది. “ఉందండీ... కుట్టించుకోవాలి, టైలరు దగ్గర...” అని నా దిక్కు చూసి తల దించుకున్నది.

“ఆడోళ్ల బట్టల సంగతి మనకెందుకు సైదులూ,” అని అంతయ్య భూతద్దం మళ్లొకసారి తుడుచుకొని, అరటి తొక్కలు ఏ చెత్తడబ్బాల ఏసిందో అడిగిండు. గంటసేపు దాని మీదనే నడిచింది.

నాలుగూ నలభైకి అనంతమ్మ, అరుణ ఒట్టి చేతుల్తోని మెట్లెక్కి వచ్చిన్రు. కాగితాలు చూసే క్లర్కు శేఖర్ కట్టకు తాడు కడుతున్నడు. “మేడం, మీదొక్కటే తక్కువ. కొరియరాయన కిందికొచ్చి నిలబడ్డడు,” అన్నడు.

అరుణ ఏడ్వలే. బ్యాగుల ఉన్న బొమ్మల అట్టలు తీసి మహిపాల్ చేతిల పెట్టింది. నెల రోజులు కూసోని రంగులేసిన అట్టలవి. “మీరు తీసుకపోండి అన్నా. అక్కడి పిల్లలకు పనికొస్తయి.” వాడు వాటిని పట్టుకొని ఎటు పెట్టాలో తెల్వక అట్లనే నిలబడ్డడు. కృష్ణకుమారి కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

అంతయ్య అట్టల దిక్కు, కట్ట దిక్కు చూసి నోట్‌బుక్ మూసిండు.

“ఆగు,” అన్నడు. శేఖర్ చేతుల్ల తాడు ఆగింది. “ఎవ్వరు కదలొద్దు. పట్టా ఎత్తుకపోయినోడు గీ రూంలనే ఉన్నడు. వేలిముద్రలు తీస్త.” పౌడర్ డబ్బా తీసి శేఖర్ టేబుల్ నిండ చల్లిండు. మీద ఫ్యాను ఫుల్లు స్పీడుల తిరుగుతున్నది. పౌడరంత లేచి సక్కగ డిటెక్టివ్ ముక్కులకే పోయింది. ఒక తుమ్ము తుమ్మిండు. రెండు. మూడో తుమ్ము వచ్చేలోపల సంచిల చెయ్యి పెట్టి, జాకెట్ ముక్కను కవర్లకెల్లి గుంజి, ముక్కుకు అడ్డం పెట్టేతందుకు ఫాట్‌మని దులిపిండు.

మడతలన్ని విచ్చుకున్నయి. నడుమలకెల్లి దొడ్డు కాగితమొకటి జారి, గాలిల ఒక చక్కరు కొట్టి, శేఖర్ కట్ట మీద బోర్ల పడ్డది.

శేఖర్ తిప్పి చూసిండు. “అరుణ మేడం పట్టా,” అన్నడు.

అందరం అంతయ్య దిక్కు చూసినం. పొద్దటి నుంచి పట్టాను సంకల పెట్టుకొని పట్టా కోసం తిరిగిన మనిషి, ముక్కు మీద పౌడర్‌తోని నిలబడ్డడు. నేను ముప్పై ఏండ్లు ఈ గడియ కోసమే బతికిన. ముందుకు పోయి చెయ్యి చాపిన.

“టికెట్ చూపియ్,” అన్న.

అనంతమ్మ వచ్చి గుడ్డ అంచు పట్టుకొని చూసింది. “గిది నేను కృష్ణకుమారికి పెట్టింది గదా.”

“ఆ రంగు నాకు నప్పదండీ పిన్నిగారూ,” అన్నది కృష్ణకుమారి, వినపడీ వినపడకుండ. “కవరు విప్పకుండానే మా హనుమాయమ్మగారికి పెట్టేశాను. ఏమీ అనుకోకండి.”

హనుమాయమ్మ నిన్న తన ఇంటి పేరంటంల యాదలక్ష్మికి పెట్టింది. యాదలక్ష్మి సంచి అంతయ్య చేతికొచ్చింది.

“పోనీ బిడ్డా,” అన్నది అనంతమ్మ, తల పట్టుకొని. “తప్పు నాదే. దీన్ని ఎవరు కుట్టిచ్చుకోరు, ఎన్నేండ్లయినా మడత ఇప్పరు, దీంట్ల పెడితే పట్టా పదిలం అనుకున్న. ఆదివారం తొందరల అది మర్చిపోయి మీదున్న కవరు తీసి పెట్టిన. అయినా నాకు పెట్టింది ఎవరనుకుంటున్నవ్? మూడేండ్ల కింద, ఈ యాదలక్ష్మే.”

అంతయ్య గొంతు సవరించుకున్నడు. “నాకు పొద్దున్నే తెలుసు. నేరస్థుడు తనంతట తాను బయటికి రావాలని ఆగిన.”

ఐదుకు నాలుగు నిమిషాలుండంగ కట్ట కిందికి పోయింది. మహిపాల్ బొమ్మల అట్టలు మళ్ల అరుణ చేతిల పెట్టి, ఎవరు అడగకముందే ఏనుగు దుంకిండు.

నెల తిరిగినంక ముగ్గురూ ఒక్కటే విమానం ఎక్కిన్రు. ఎక్కే ముందు అనంతమ్మ చిలకాకుపచ్చ ముక్కను ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్త కవర్ల పెట్టి, “మీ హెడ్‌మాస్టరమ్మకు పెట్టు” అని అరుణకిచ్చింది. అరుణ పెట్టింది.

మొన్న వియత్నామోళ్ల కొత్త సంవత్సరం పండుగైంది. అరుణ ఫోన్ చేసింది. వేరే బడి టీచరొకామె మంచి కాగితం చుట్టి బహుమతి ఇచ్చిందట, పైన రెండు మెరిసే పువ్వులు అతికిచ్చి. ఇప్పి చూస్తే చిలకాకుపచ్చ.

ఫోన్ పెట్టకముందే పక్కన కూసున్న అంతయ్యకు చెప్పిన. ఆయన లేచి నిలబడి, “ముఠా వియత్నాం దాక ఉన్నదన్న మాట,” అని పాస్‌పోర్ట్ ఫోటో దిగేతందుకు పోయిండు.

అనంతమ్మ మాత్రం నా చేతిల ఫోన్ గుంజుకున్నది. “బిడ్డా అరుణా, దాన్ని ఇంకెవరికన్న పెట్టేముందు మడతలన్ని ఇప్పి చూడు. ఎవరిదన్న పట్టా ఉన్నదేమో.”